గుడ్డు బదులు పెరుగు, బటర్ బదులు నెయ్యి: ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ బెడిసికొడుతుంది

కిందటి కార్తీకమాసంలో మా వదిన గాజువాక నుంచి ఫోన్ చేసింది. మేనల్లుడి పుట్టినరోజు. ఇంట్లో నెలంతా గుడ్డు ముట్టరు, వాడేమో కేక్ కావాలని ఒకటే గొడవ. "గుడ్డు బదులు ఏం వెయ్యాలే?" అంది. నేను పొయ్యి మీద కూర తిప్పుతూ, ఫోన్ భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టుకుని, "పెరుగు వేసెయ్ వదినా, ఒక్కో గుడ్డుకి పావు కప్పు" అని చెప్పేశాను. సాయంత్రం ఫొటో వచ్చింది. పైన గట్టి తొక్క, దాని మీద నెర్రెలు, చాకు దించిన చోట లోపల జున్నులా మెరుస్తున్న పచ్చి ముద్ద. తర్వాత అడిగితే తేలిందేమిటంటే, ఆవిడ చూసి చేసింది నాలుగు గుడ్లు గిలక్కొట్టి చేసే స్పాంజ్ కేక్, అందులో బేకింగ్ పౌడర్ అన్న మాటే లేదు. అంటే కప్పు మైదాకి కప్పు పెరుగు పడిందన్నమాట. తప్పు నాదే. ఏ కేక్ అని అడక్కుండా సమాధానం చెప్పేశాను.

ఫోన్లలో తిరిగే చార్టులు కూడా ఇదే పని చేస్తాయి. గుడ్డుకి ఎదురుగా పెరుగు, బటర్‌కి ఎదురుగా నూనె, పంచదారకి ఎదురుగా బెల్లం, పరీక్షలో జతపరచుము ప్రశ్నలా ఉంటాయి. కానీ వంటలో సరుకు ఒక్క పనే చెయ్యదు. పెళ్ళింట్లో ఓ బాబాయి ఉంటాడు చూడండి, వంటవాళ్ళతో బేరం ఆయనే, మగపెళ్ళివారి బస్సుకి ఎదురెళ్ళేదీ ఆయనే, అలిగిన మావయ్యని బతిమాలేదీ ఆయనే. ఆ బాబాయి రాకపోతే ఆయన స్థానంలో ఇంకొకర్ని నిలబెడితే సరిపోదు, ముగ్గురు కావాలి, లేదా ఆ రోజు ఏ పని ముఖ్యమో చూసుకుని దానికి తగిన మనిషిని పట్టుకోవాలి.

గుడ్డు అచ్చం అలాంటి బాబాయే. పెంకు తీస్తే మాదిరి గుడ్డు 50 గ్రాములు తూగుతుంది, అందులో నాలుగింట మూడొంతులు నీళ్ళే. ప్రొటీన్ 12, 13 శాతం, కొవ్వు ఓ 10 శాతం. కేక్‌లో పడ్డాక ఆ నీళ్ళు పిండిని తడుపుతాయి. పచ్చసొనలో లెసిథిన్ అనే పదార్థం ఉంటుంది, నూనెనీ నీళ్ళనీ విడిపోకుండా పట్టి ఉంచేది అదే. తెల్లసొన గిలక్కొడితే నురగలో గాలి చిక్కుకుంటుంది. చివరిది, అసలైనది, వేడి తగిలాక ప్రొటీన్ గట్టిపడి కేక్‌ని నిలబెట్టడం. తెల్లసొన 60 డిగ్రీలు దాటాక బిగుసుకోవడం మొదలెట్టి 80కి వచ్చేసరికి పూర్తిగా గట్టిపడుతుంది. స్లాబ్ వేసేటప్పుడు సెంట్రింగ్ కొట్టినట్టు ముందు నురగ ఎత్తు నిలబెడితే, ఆ తర్వాత ప్రొటీన్ కాంక్రీటులా బిగుస్తుంది. పెరుగు వీటిలో చేసేది మొదటి పని, అంటే తడపడం. దానికున్న పులుపు వల్ల సోడాతో కలిసి పొంగించడంలో కొంత సాయపడుతుంది. సెంట్రింగ్ లేదు, కాంక్రీటూ లేదు. మా వదిన కేక్ కూలడంలో వింతేముంది.

అందుకని నేను ఇప్పుడు ముందు గుడ్లు లెక్కపెడతాను. రెండు కప్పుల పిండికి ఒక గుడ్డు, పక్కన బేకింగ్ పౌడరో సోడానో ఉందంటే ఆ గుడ్డు అక్కడ పెద్ద బరువేం మొయ్యట్లేదు, పావు కప్పు పెరుగు వేసినా నడుస్తుంది, బాగా మగ్గిన అరటిపండు చిదిమి పావు కప్పు వేసినా నడుస్తుంది, కాకపోతే అరటిపండు తన వాసన ఎక్కడున్నా చెప్పుకుంటుంది. బిస్కెట్లకీ పాన్‌కేక్‌లకీ అయితే అవిసె గింజల పొడి బాగా పనికొస్తుంది: ఒక పెద్ద చెంచా పొడికి మూడు పెద్ద చెంచాల నీళ్ళు కలిపి పది నిమిషాలు వదిలేస్తే బెండకాయ జిగురులా సాగుతుంది, ఆ జిగురే అతుకు. పొడి చెయ్యకుండా గింజలు గింజలుగా వేస్తే ఆ జిగురు సరిగా రాదు, అదొకటి గుర్తుపెట్టుకోండి. అదే మూడు, నాలుగు గుడ్లు ఉండి, బేకింగ్ పౌడర్ లేకుండా ఉన్న వంటకం కనిపిస్తే దాన్ని సరిచేసే ప్రయత్నం మానేసి, మొదట్నుంచీ గుడ్డు లేకుండా రాసిన వంటకం వెతుక్కోండి. కండెన్స్‌డ్ మిల్క్ వేసేదో, పెరుగూ సోడా కలిపి పొంగించేదో బోలెడు ఉన్నాయి. అవి గుడ్డు బదులు ఇంకేదో వేసినవి కావు, గుడ్డు సంగతే తలచుకోకుండా కొలతలు కుదుర్చుకున్నవి.

నురగ కావాల్సిందే అంటే ఒక్క దారి ఉంది, వింటే నమ్మరు. కాబూలీ శనగలు ఉడికించిన నీళ్ళు. 2014లో జోయెల్ రోసెల్ అనే ఫ్రెంచి ఆయన ఆ నీళ్ళు గిలక్కొడితే తెల్లసొనలా నురగ కడుతుందని చూపించాడు, మరుసటి ఏడాదికి దానికి ఆక్వాఫాబా అని పేరు కూడా పెట్టేశారు. మన ఇళ్ళలో శనగలు ఉడికిన నీళ్ళు చారులోకి వెళ్ళిపోతాయి కాబట్టి మనకి ఆ అవకాశం రాలేదనుకోండి. చిక్కటి నీళ్ళు మూడు పెద్ద చెంచాలు ఒక గుడ్డుకి లెక్క. నురగ బాగానే వస్తుంది కానీ వేడికి గుడ్డంత గట్టిగా బిగుసుకోదు. నురగలో పంచదార కలిపి బేక్ చేసే తెల్లటి మెరింగ్ బిళ్ళలకి భేష్, ఎత్తైన స్పాంజ్‌కి నేను పూచీ ఇవ్వను.

కట్లెట్‌లో గుడ్డు అయితే అతుకు కోసం, ఉడికిన బంగాళాదుంపో కాస్త శనగపిండో చాలు. పైన బ్రెడ్ పొడి అంటుకోడానికి గుడ్డులో ముంచమంటే మైదా, కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో జారుగా కలిపి అందులో ముంచండి. కోడిగుడ్డు పులుసులో గుడ్డుకి బదులేంటని నన్ను అడక్కండి, పనసగింజలు వేసుకుని కళ్ళు మూసుకోవడమే.

ఇక సోడా, బేకింగ్ పౌడర్. రెండూ తెల్లపొడులే, రెండూ పొంగిస్తాయి, డబ్బాలు కూడా ఒకేలా ఉంటాయి, అందుకే ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. వంట సోడా అంటే సోడియం బైకార్బొనేట్, అది క్షారం. పులుపు తగిలితేనే బుసబుస పొంగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. బేకింగ్ పౌడర్ అంటే ఆ సోడాకే పొడి పులుపు ఒకటి, అవి రెండూ డబ్బాలోనే కొట్టుకోకుండా మధ్యలో కాస్త గంజిపొడి కలిపింది. అంటే దానికి బయటి పులుపుతో పని లేదు, తడి తగిలితే చాలు. ఈ ఒక్క తేడా పట్టుకుంటే మిగతాదంతా లెక్కే. చెంచా బేకింగ్ పౌడర్ కావాల్సిన చోట పావు చెంచా సోడా సరిపోతుంది, కానీ పులుపు మనం సమకూర్చాలి: అరకప్పు పుల్ల పెరుగో మజ్జిగో వేసి, అంత మేర పాలో నీళ్ళో తగ్గించుకోవాలి. పులుపు లేకుండా ఉత్త సోడా వేస్తే కేక్ పొంగినట్టే పొంగి, సబ్బు నాలిక మీద రాసుకున్నట్టు ఉంటుంది. అటు నుంచి ఇటు, అంటే సోడా బదులు బేకింగ్ పౌడర్ వెయ్యాలంటే మూడింతలైనా పడుతుంది, పైగా ఆ వంటకంలో పెరుగు పులుపు విరగకుండా అలాగే మిగిలిపోతుంది.

సోడా ఎక్కువైందని చెప్పే సాక్షి మన వంటింట్లోనే ఉంది, పసుపు. ఢోక్లాకి శనగపిండి కలిపి, పసుపు వేసి, సోడా సరిగా కలపకుండా ఆవిరికి పెట్టి చూడండి, పైన ఎర్రెర్రని మచ్చలు తేలతాయి, తమలపాకులు నమిలి ఉమ్మినట్టు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసుకునేది ఆ గుణంతోనే. మచ్చ ఉన్న చోట సోడా ముద్దగా ఉండిపోయిందన్నమాట. ఈ గొడవ తప్పించుకోడానికి చాలామంది ఈనో వాడతారు. అందులో సోడాకి తోడు సిట్రిక్ యాసిడ్ కూడా ఉంది గనక అది వంట సోడా కన్నా బేకింగ్ పౌడర్‌కి దగ్గర చుట్టం. సోడా పాలు దాదాపు సగం, కాబట్టి బేకింగ్ పౌడర్ కన్నా ఘాటైన చుట్టం. దాంతో చిక్కల్లా ఓపిక లేకపోవడమే. తడి తగిలిన క్షణం నుంచే పొంగి, నిమిషాల్లో చల్లబడిపోతుంది. బేకింగ్ పౌడర్లు చాలావాటిలో రెండో విడత వేడి తగిలాక పొంగుతుంది, ఈనోకి ఆ రెండో విడత లేదు. పిండిలో ఈనో కలిపాక కుక్కర్ వేడెక్కిందా లేదా అని చూడ్డానికి వెళ్ళొద్దు, ముందే వేడెక్కి ఉండాలి.

విశాఖ వాళ్ళకి ఇంకో తలనొప్పి ఉంది. మన సముద్రపు గాలికి ఉప్పు సీసాలోనే చెమర్చి గడ్డకడుతుంది, అలాంటిది మూత సరిగా పెట్టని బేకింగ్ పౌడర్ ఊరుకుంటుందా? లోపల్లోపలే పొంగి చచ్చిపోతుంది. వేడినీళ్ళలో అరచెంచా వేసి చూడండి, గట్టిగా బుసకొడితే బతికుంది. సోడానైతే నిమ్మరసం చుక్కలతో పరీక్షించాలి. పొంగని కేక్‌కి కారణం వెతుక్కుంటూ గుడ్డునీ పెరుగునీ తిట్టుకునేవాళ్ళు ఈ పని ముందు చేస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

బటర్ దగ్గర కూడా మన ఊరి వాతావరణం వేలు పెడుతుంది. వంటకాల్లో "గది ఉష్ణోగ్రతలో ఉన్న బటర్" అని రాస్తారు. ఆ గది ఎక్కడో 20 డిగ్రీల చలిదేశంలోది. మే నెలలో మన వంటింట్లో బటర్ పావుగంట బయట పెడితే అంచులు కరిగి గిన్నెలో నూనె దిగుతుంది. వేలితో నొక్కితే గుంట పడాలి కానీ వేలు లోపలికి దిగిపోకూడదు, మనకది ఫ్రిజ్‌లోంచి తీసిన కొద్ది నిమిషాలకే వచ్చేస్తుంది. ఎందుకింత పట్టింపు అంటే, మెత్తటి బటర్‌నీ పంచదారనీ కలిపి గిలక్కొట్టినప్పుడు పంచదార పలుకులు బటర్‌లోకి చిన్న చిన్న గాలి బుడగల్ని తోస్తాయి. సోడా ఇచ్చే గాలి ఆ బుడగల్లోకి చేరి వాటిని ఉబ్బిస్తుంది. కరిగిన కొవ్వులో బుడగ నిలవదు. అందుకే బటర్ బదులు నూనె వేసిన కేక్ మెత్తగా, తేమగా వస్తుంది గానీ ఆ సన్నటి నూగు అల్లిక రాదు. నాకు మాత్రం నూనె కేకే ఇష్టం, మర్నాటికి కూడా గట్టిపడదు.

బటర్‌లో కొవ్వు 80 శాతం, మిగతాది చాలామటుకు నీళ్ళు. నెయ్యి దాదాపు మొత్తం కొవ్వే. కాబట్టి 100 గ్రాముల బటర్ బదులు 80 గ్రాముల నెయ్యో నూనో వేసి, లోటుకి ఒక పెద్ద చెంచా పాలు కలిపితే లెక్క సరిపోతుంది. చార్టు చూసి నూటికి నూరు నెయ్యి వేస్తే బిస్కెట్లు ట్రేలో ఒకదాన్నొకటి వాటేసుకుని అప్పడాల్లా పరుచుకుంటాయి. పేరిన నెయ్యితో చేసే నాన్‌ఖటాయికి ఈ బాధ లేదు, అది పుట్టుకతోనే నెయ్యి వంట. ఇంకోటి, మన కొట్లలో మామూలుగా దొరికే పసుపు బటర్ ఉప్పు వేసింది. ఉప్పు లేని బటర్ అని రాసిన చోట అది వాడితే వేరే ఉప్పు వెయ్యక్కర్లేదు. క్రీమ్ సంగతీ అంతే, ఫ్రెష్ క్రీమ్ అని అట్టపెట్టెలో దొరికేదాంట్లో కొవ్వు 25 శాతం దాకా ఉంటుంది, అది గిలక్కొడితే నిలబడదు, నిలబడాలంటే 30 దాటాలి. కూరలోకైతే హాయిగా వాడుకోండి, లేదా నానబెట్టిన జీడిపప్పు రుబ్బి పొయ్యండి.

ఏ బెంగా లేకుండా మార్చుకోదగ్గది ఒకటి చెప్పమంటే పాలపొడి అంటాను. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక, కరెంటు లేక, పాల ప్యాకెట్ కోసం తెల్లారకుండా క్యూలో నిలబడ్డ రోజుల్లో మా ఇంట్లో టీ, పిల్లల హార్లిక్స్, చివరికి తోడు పెట్టిన పెరుగు కూడా పాలపొడితోనే. అందులో పోయింది నీళ్ళే గనక నీళ్ళు తిరిగిచ్చేస్తే లెక్క కుదిరిపోతుంది.

బెల్లం అలా కాదు. ఆరోగ్యానికి మంచిదని పంచదార తీసేసి బెల్లం వేసేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. సుగర్ ఉన్నవాళ్ళకి ఇది తప్పించుకునే దారి కాదని ముందే చెప్పేస్తున్నాను, బెల్లంలో ఎక్కువ భాగం ఆ పంచదారే. మిగతాది తేమ, ఖనిజాలు, కొంచెం గ్లూకోజ్, ఫ్రక్టోజ్, అన్నిటికీ మించి కాస్త పులుపు గుణం. అనకాపల్లి బెల్లం ఇంత దగ్గర్లో పెట్టుకుని కూడా బెల్లం పరమాన్నం విరగ్గొట్టుకోని ఇల్లు మన దగ్గర ఉందా? మరుగుతున్న పాలలో బెల్లం వేస్తే పాలలోని కేసిన్ అనే ప్రొటీన్ ఆ పులుపుకీ ఖనిజాలకీ ముద్దకడుతుంది, వేడి ఎంత ఎక్కువుంటే అంత తొందరగా. చల్లటి పాలు తట్టుకునే పులుపుని మరిగే పాలు తట్టుకోలేవు. అందుకే మా అమ్మ గిన్నె దించి, పక్కన పెట్టి, "వేలు పెట్టగలిగే వేడికి రానీ" అని, అప్పుడు విడిగా కరిగించి వడకట్టిన బెల్లం పోసేది. వడకట్టడం ఇసక కోసం. కొబ్బరిపాల పాయసంలో ఈ తంటా లేదు, అందులో కేసిన్ ఉండదు. పంచదార పాయసానికి ఈ జాగ్రత్తలేం అక్కర్లేదు, మరిగే పాలలోనే వేసెయ్యొచ్చు. తీపికి తీపి మార్చామనుకుంటాం, మారింది చేసే వరసంతా.

పాకంలో ఈ తేడా ఇంకా బాగా కనిపిస్తుంది. ఉత్త పంచదార పాకం కాస్త చల్లారగానే గిన్నె అంచున తెల్లగా పలుకులు కడుతుంది. బెల్లం పాకం అంత తొందరగా పలుకు కట్టదు, దానిలోని గ్లూకోజ్, ఫ్రక్టోజ్ మధ్యలో అడ్డుపడి పంచదార అణువుల్ని వరసగా పేరనివ్వవు. గులాబ్‌జామ్ పాకంలో రెండు చుక్కల నిమ్మరసం పిండమంటారు కదా, అది రుచి కోసం అనుకునేదాన్ని చాలాకాలం. ఆ పులుపు వేడిలో పంచదారలో కొంత భాగాన్ని గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌గా విడగొడుతుంది. బెల్లంలో ముందే ఉన్నదాన్ని పంచదారలో మనం తయారుచేసుకుంటున్నామన్నమాట. అవే తేమని పట్టి ఉంచుతాయి, బెల్లం కేక్ రెండోరోజుకి ఇంకా మెత్తబడేది, బెల్లం బిస్కెట్ కరకరలాడనిది రెండూ అందుకే.

అరిసెలకి మాత్రం బెల్లం కన్నా పిండే ముఖ్యం. సంక్రాంతికి బియ్యం నానబెట్టి, వార్చి, తడి ఆరకుండా మర ఆడిస్తాం. ఆ తడి లెక్కలో భాగం. తీరిక లేక ప్యాకెట్‌లో పొడి బియ్యప్పిండి తెచ్చి అదే పాకంలో పోస్తే, పిండి తనకి కావాల్సిన నీళ్ళు పాకంలోంచి లాక్కుంటుంది, ఉండ చెయ్యబోతే పగుళ్ళిస్తుంది, నూనెలో వేస్తే విచ్చిపోతుంది. పోనీ పాకం పలచన చేద్దామంటే అరిసె నూనె తాగుతుంది. పొడిపిండికి ముందే నీళ్ళు చిలకరించి, ముద్దలా పట్టి వదిలితే రాలేటంత తడిపి, మూతపెట్టి ఉంచితే కొంత నయం. కొంతే.

పులుపు దగ్గర మనవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు, కానీ తెలిసిన సంగతి మాటల్లో పెట్టం, అంతే. చింతపండు పులిహోరకి పులుసు నూనెలో బాగా ఉడికిస్తాం. నిమ్మకాయ పులిహోరకి పొయ్యి ఆపేశాక రసం పిండుతాం. ఎందుకూ? చింతపండు పులుపు టార్టారిక్ యాసిడ్, ఎంత మరిగించినా దాని పస తగ్గదు, మరిగేకొద్దీ పచ్చివాసన పోయి చిక్కబడుతుంది. నిమ్మరసంలో పులుపు నిలుస్తుంది గానీ ఆ సువాసన ఆవిరైపోయి చేదు తేలుతుంది. కాబట్టి చేపల పులుసులో చింతపండు అయిపోయిందని నిమ్మకాయ పిండితే కుదరదు, అక్కడ చింతపండు పులుపుతో పాటు చిక్కదనం, రంగు కూడా ఇస్తోంది. ఎండాకాలంలో పూర్ణా మార్కెట్లో పచ్చి మామిడికాయ దొరుకుతుంది కదా, అది వెయ్యండి, లేదంటే టమాటా బాగా మగ్గించి గుజ్జు చెయ్యండి. సాంబారులో అయితే చింతపండు బదులు టమాటాతో లాగించొచ్చు, చారులో చివర నిమ్మరసంతోనూ లాగించొచ్చు. ఏ పులుపైనా ఒక్క నియమం మాత్రం మారదు, పప్పు మెత్తబడకముందు వెయ్యకూడదు. గింజని గట్టిగా అతికి ఉంచే పెక్టిన్ అనే పదార్థాన్ని పులుపు కరగనివ్వదు, కుక్కర్ ఎన్ని కూతలు కూసినా బద్ద బద్దలాగే ఉంటుంది. శనగలు ఉడకట్లేదని సోడా చిటికెడు వేస్తారే, అది దీనికి సరిగ్గా తిరగేసిన పని.

మైదా తీసేసి గోధుమపిండి వెయ్యడం అందరూ చేసేదే. మర ఆడించిన గోధుమపిండిలో తవుడు ఉంటుంది, పైగా రాళ్ళ మధ్య నలిగిన పిండి నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది. అదే కొలత నీళ్ళు పోస్తే కేక్ ఇటుకే. రెండు, మూడు చెంచాల పాలు ఎక్కువ పోసి, ఇరవై నిమిషాలు నాననివ్వండి, అయితే సోడా ఆఖర్న కలపండి. చోడి పిండి, అంటే రాగి పిండి, మీద ప్రేమతో మొత్తం చోడి పిండే వేస్తే ముక్క పట్టుకోగానే పొడి రాలుతుంది. చోళ్ళలో గ్లూటెన్ లేదు, అంటే సాగి పట్టుకునే గుణం లేదు. మూడో వంతు చోడి, మిగతాది గోధుమపిండి, అక్కడితో ఆగితే రుచీ దక్కుతుంది, కేకూ దక్కుతుంది.

అసలు సరుకు మార్చకుండానే పేరు దగ్గర మారిపోయే కేసులు కొన్ని ఉన్నాయి. అమెరికా వాళ్ళ వంటకంలో కార్న్‌ఫ్లోర్ అంటే మెత్తటి మొక్కజొన్న పిండి. మన కొట్లో అదే పేరుతో అమ్మేది మొక్కజొన్న గంజిపొడి, వాళ్ళు దాన్ని కార్న్‌స్టార్చ్ అంటారు. ఒకటి రొట్టెకి, ఇంకోటి సూప్ చిక్కబడ్డానికి. ఆ గంజిపొడి లేకపోతే మైదా రెండింతలు వేసుకోవచ్చు, రంగు కాస్త మసకగా వస్తుంది. వాళ్ళ బటర్‌మిల్క్‌ని మనం మజ్జిగ అని చదివి, మజ్జిగ అంటే మన మజ్జిగే గనక పలచటిది గ్లాసెడు పోసేస్తాం. వాళ్ళది తోడుపెట్టిన చిక్కటిది, ముప్పావు కప్పు పెరుగుకి పావు కప్పు నీళ్ళు కలిపితే ఆ చిక్కదనం వస్తుంది. గ్రీక్ యోగర్ట్ అంటే గుడ్డలో మూటకట్టి వేలాడదీసిన పెరుగు. కప్పు అంటే 240 మిల్లీలీటర్లు, మీ ఇంట్లో టీ తాగే కప్పు కాదు. నేను చివరికి ఓ చిన్న తూకం కొనేసుకున్నాను, ఇంట్లో గ్లాసులన్నీ తలో సైజు.

కార్తీకమాసం మాట వచ్చింది కాబట్టి ఉల్లి, వెల్లుల్లి గురించి ఒక్క ముక్క. వాటి బదులు ఇంగువ వెయ్యడం ఉత్త ఆచారం కాదు, ఉల్లిలో, వెల్లుల్లిలో ఉన్నట్టే ఇంగువ ఘాటుకి కూడా గంధకం కలిసిన పదార్థాలే కారణం. నూనెలో వేగితేనే ఆ పచ్చి కంపు పోయి కమ్మదనం వస్తుంది, కూర మీద చల్లితే రాదు. కానీ ఉల్లిపాయ కూరకి ఇచ్చే గుజ్జు ఇంగువ ఇవ్వదు, దానికి సొరకాయ తురుమో టమాటానో వేరే చూసుకోవాలి. బాబాయి లెక్క ఇక్కడా తప్పదు.

మా వదిన ఆ కేక్ తర్వాత నా మాట వినడం మానేసింది. దీపావళికి మాడుగుల హల్వా ఇంట్లోనే చేస్తానంది. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, ఆ గోధుమ పాలని నెయ్యి, పంచదారతో గంటలకొద్దీ తిప్పుతూ ఉడికించాలి, అందులో గంజితో పాటు గోధుమ ప్రొటీన్ కూడా కొంత దిగుతుంది. అంత ఓపిక ఎవరికుంది, గోధుమ పాల బదులు కార్న్‌ఫ్లోర్ నీళ్ళలో కలిపి పోసింది. కార్న్‌ఫ్లోర్ ఉత్త గంజి గనక అద్దంలా మెరుస్తూ, వేలితో నొక్కితే రబ్బరులా పైకి లేస్తూ, నారింజ రంగులో అందంగా కుదిరింది. ముక్కలు కోసి, జీడిపప్పు అద్ది పళ్ళెంలో పెడితే పిల్లలు ఎగబడ్డారు. మా పెద్దత్త ఒక్కతే తీరిగ్గా ఒక ముక్క నోట్లో వేసుకుని, నమిలి, ఇంకో ముక్క చేతిలోకి తీసుకుంటూ, "బావుందే కోడలా. బాంబే హల్వా ఎప్పుడు నేర్చుకున్నావు?" అంది.